చిన్న యింట మిత్రులకు భోజనము

(మందిర్ హసౌద్‌లో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము చాల చిన్నది. రెండు గదుల యింట, ఎనమండుగురు మిత్రులను పిలిచి, ఇంటి వంటతో రాత్రి భోజనము పెట్టుట యెట్లు? దస్త్రములతో ప్రొద్దు పుచ్చు నా వంటివాడు వంటను గూర్చి ఉపన్యసించుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని యిది వంటశాలకు మాత్రమే చెందిన విషయము కాదు.

మందిర్ హసౌద్ మనకు బొత్తిగా పరాయి చోటు కాదు. రాయపూరు నుండి విజయనగరము పోవు రైలుమార్గము మీదనే యీ యూరు కలదు. పార్వతీపురము–రాయపూరు మార్గము 1931లో పూర్తియైనది. ఆంధ్రప్రదేశ్ 1956లోను, ఛత్తీస్‌గఢ్ 2000లోను అవతరించినది ఒకే తేదీన, నవంబరు 1న. ఇంత చుట్టరికమున్నను, బదిలీపై వచ్చిన కుటుంబమునకు మొదటి నెలలు కఠినముగనే గడచును. ఉద్యోగికి కార్యాలయము కలదు, పిల్లలకు బడి కలదు. ఇంట నున్న వృద్ధురాలైన తల్లికి మాటాడ తోడెవరు?

అట్టివారిని భోజనమునకు పిలువరేమని అడిగినచో, “ఇల్లు చిన్నదండీ” అను సమాధానము వచ్చును. అసలు కారణము వేరు. ఒకరు పన్నెండు వంటకములు పెట్టిరి. తిన్నవారు పదునాలుగు పెట్టనిదే పిలువరాదనుకొనిరి. మూడవవారు పిలుచుటయే మానుకొనిరి. ఈ విధముగా విందు అప్పుగా మారినది. అప్పు తీర్చలేనివారు మొగము చాటువేయుట లోకసహజము.

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) చేసిన అన్నదానమును మనము నేటికిని స్మరించుచున్నాము. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆ తల్లికి కీర్తి వచ్చినది వంటకముల లెక్కవలన కాదు. ఆకలితో వచ్చినవారికి లేదనకుండుటవలన.

కావున నాలుగు వంటకములు చాలునని నా మనవి. మొదటిది పులిహోర. అరకిలో బియ్యము వండి, వెడల్పు పళ్ళెమున ఆరబోసి, పసుపు, నూనె పట్టించి, చింతపండు పులుసుతోను పోపుతోను మధ్యాహ్నమే కలిపి యుంచవలెను. నిలిచిన కొలది పులుపు పట్టి రుచి హెచ్చును. రెండవది దద్ధ్యోజనము. అన్నమును పాలతో మెత్తగా కలిపి, గోరువెచ్చనైన పిదప కొద్దిగా పెరుగు తోడు వేసినచో రాత్రికి పులియక కమ్మగా నుండును. మూడవది నిలువ పచ్చడి. అది జాడీలో సిద్ధముగనే యుండును. నాలుగవది ఆకుకూర పప్పు, తెల్లన్నముతో. అతిథులు వచ్చుటకు అరగంట ముందు కుక్కరు పొయ్యి మీద పెట్టినచో చాలును. ఈ ప్రాంతమున భాజీ అను పేర ఆకుకూరలు పలు రకములు దొరకును. మునగాకు కూడ వానిలో నొకటి.

ఇక చోటు మాట. మంచమును గోడకు నిలిపి, చాపలు పరచి, ఎదురెదురుగా రెండు వరుసలు వేసినచో ఎనమండుగురు సుఖముగా కూర్చుందురు. మోకాళ్ళ నొప్పులవారికి రెండు కుర్చీలు వేయవలెను. ఆకు విస్తళ్ళు ఇచట అంగళ్ళలో దొరకును; అంట్లు తోము శ్రమ తప్పును. చెప్పులు పొరుగువారి గుమ్మమునకు అడ్డుపడకుండ సర్దుట, తొమ్మిదిన్నరకెల్ల సందడి తగ్గించుట అపార్టుమెంటు మర్యాద. ఆ పొరుగువారినే పిలిచినచో మరియు మంచిది. వారి అయిర్సా మన అరిసెకు తోబుట్టువు. వారి బోరే బాసీ మన చద్దన్నమే.

ముఖ్యమైన మాట యొకటి. ఇంటి యిల్లాలు వంటగదిలో చెమటోడ్చుచుండ, మగవారు ముందుగదిలో రాజకీయములు మాటలాడుట విందు కాదు. కొబ్బరి తురుముట, విస్తళ్ళు వేయుట, వడ్డించుట మగవారి పనులే కావలెను. వంట ముందుగనే ముగియుటలోని ప్రయోజనము, పెట్టిన యిల్లాలు కూడ పంక్తిలో కూర్చుండి తినుటయే.

ఇటువంటి యొక భోజనమునకు మన యువోద్యోగి యొకరు తల్లిగారిని వెంటబెట్టుకొని వచ్చిరి. ఆమె మొదట మూలన ముడుచుకొని కూర్చుండెను. రెండవ వడ్డనకు తానే లేచి పచ్చడి జాడీ చేత పుచ్చుకొని, “ఇంకొంచెము వేసుకో నాయనా” అని వరుసంతయు తిరిగెను. ఆ రాత్రి ఆమె యెవరికిని అతిథి కాదు.

కావున ఈ సంఘము ఒక కట్టుబాటు చేసికొనవలెనని ప్రతిపాదించుచున్నాను. నెలకొక యింట, నాలుగు వంటకములు మించకుండ, క్రొత్తగా వచ్చిన కుటుంబమునకు మొదటి పిలుపు. అయిదవ వంటకము పెట్టినవారికి మరుసటి నెల వంతు కూడ వారిదే యని శిక్ష వేయుదము! రాబోవు నెల వంతు మా యింటిది. చాపలు మావద్ద రెండే కలవు. తక్కినవి మీరు తేవలెను.

సెలవు.