వర్తకశాలలలో శిల్పకళ



శిల్పమన్నంతనే మన పూర్వులకు దేవాలయమో రాజప్రాసాదమో స్మరణకు వచ్చెడిది. ఇప్పుడన్ననో విమానాశ్రయములును, అంగళ్లును, పెద్ద కార్యాలయములును శిల్పులను పిలిపించుకొనుచున్నవి. ఒక స్థలము యొక్క ఎత్తు, వెలుతురు, జనసంచారము కనిపెట్టి, దానికే తగినట్లు శిల్పమును కల్పించి యమర్చియిచ్చు రూపకల్పనశాలలు దేశదేశములందు వెలసినవి. అట్టిదాని నొక్కదానిని గూర్చి ముచ్చటింతును.

జర్మనీదేశమున బెర్లిన్ నగరమందు 1988లో ఆర్ట్ కామ్ అను శాల స్థాపితమయ్యెను. స్థాపకులలో నొకరగు యోఆఖిమ్ జౌటర్ 2021లో దివంగతులైరి. వీరు 2008లో మ్యూనిక్ నగరమందలి బి.ఎం.డబ్ల్యు. మోటారుబండ్ల సంస్థవారి ప్రదర్శనశాలలో 714 లోహగోళములను సన్నని ఉక్కుతీగెలకు వ్రేలాడగట్టిరి. ప్రతి తీగెకును పైన నొక చిన్న మోటారు. ప్రతి మోటారును గణనయంత్రము వేరువేరుగ నడుపును. తొలుత చెల్లాచెదరుగా నున్న గుండ్లు మెల్లమెల్లగా అలలై, తుదకు మోటారుబండి యాకారమును దాల్చును. ఏడు నిమిషములలో నీ కథ ముగియును.

అంతకంటె పెద్దపని సింగపూరులో జరిగినది. చాంగి విమానాశ్రయపు మొదటి భవనమున 2012లో, కదలుమెట్ల కిరువైపుల, వానచినుకులవంటి 1,216 బిందువులను వ్రేలాడదీసిరి. ఒక్కొక్క ప్రక్క 608. చూచువారికి రాగిచినుకులే, లోపలిది అల్యూమినియము. బరువైనచో తీగె లాగు మోటారునకు శ్రమ హెచ్చును గదా! పదునైదు నిమిషముల యీ నాట్యమున రెండు గుంపులును ఒకతఱి నొకదాని నొకటి యనుకరించును, ఒకతఱి నెదురాడును.

మన తోలుబొమ్మలాటలో తెరవెనుక మనుష్యుడు చేయుపనిని అచ్చట యంత్రము చేయుచున్నది. సూత్రధారుడనగా సూత్రమును ధరించువాడే. పదునొకండవ శతాబ్దమున భోజరాజు పేర వెలసిన సమరాంగణసూత్రధారమను వాస్తుగ్రంథమున యంత్రముల కొక యధ్యాయమే కలదు; కొయ్యపక్షులును, కదలెడు బొమ్మలును అందు వర్ణితములు. సర్వమును మనకు ముందే తెలియునని చాటుట నా తాత్పర్యము కాదు. అట్టి బడాయి మనకు చాలినంత యున్నది. ఈ యూహ మనకు పరాయిది కాదని మాత్రము చెప్పుచున్నాను.

ఇది వర్తకుని ప్రకటనయే కాని కళ యెట్లగునని కొందరాక్షేపింతురు. ఆక్షేపణ నిస్సారము కాదు. ధనమిచ్చినవాడు తన గుర్తును నిలుపగోరుట క్రొత్తగాదు; తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు దేవేరులతోగూడ లోహప్రతిమయై నిలిచియున్నాడు. అయినను, ఆయన చేతులు జోడించి నిలిచెను. మ్యూనిక్ గుండ్లు తుదకు యజమాని సరకై తేలుచున్నవి. సింగపూరు చినుకులు కొనుమని యెవ్వరి నడుగవు. విమానమునకు వేచియున్న బాటసారికి కొంత తడవు విశ్రాంతి నిచ్చును. నాకు రెండవదియే ఉత్తమముగ దోచుచున్నది.

ఇది దూరదేశపు ముచ్చట యని మీరు త్రోసివేయవలదు. శ్రీసత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబములు కలవు. వారిలో నొకరగు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆటలు తగ్గినకొలది ఆ కుటుంబములు మేకతోలుపై అవే రంగులను దిద్ది దీపపు గొడుగులను చేసి జీవించుచున్నవి. కథ చెప్పగల చేయి గొడుగులకే పరిమితమగుట నాకు కష్టముగ నున్నది.

మీ గ్రామములందు కల్యాణమంటపములు, సహకార సంఘ భవనములు, బియ్యపుమిల్లుల కచ్చేరీలు లేచుచునే యున్నవి. గోడలకు అచ్చుబొమ్మలను అతికించుటకు ముందే, గోడ లేచుచుండగనే, ఇట్టివారిని పిలిపించుడు. స్థలమును చూపుడు. బయానా నిచ్చి, పనిచేసినవాని పేరు గోడమీద వ్రాయింపుడు. తోలు తేమకు ముడుచుకొనును, ఎండకు రంగు వెలియును. కావున ఏటేట వచ్చి సరిచేయుటకు కూలి యెంతయో నాడే కాగితముమీద పెట్టుకొనుడు.