రేడియేషన్ బల్లమీద బయటపడే నిమ్ము

(మహాసభల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. ఇంజనీరింగు చదివి, వైద్య చిత్రాలను కంప్యూటరు తెరమీద చూపించే ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. అంచేత మందుల సంగతి నన్నడక్కండి, బొమ్మల సంగతి చెబుతాను.

కేన్సరు రేడియేషన్‌తో కెనడాకు పాత చుట్టరికం ఉంది. కోబాల్ట్-60తో ప్రపంచంలో మొట్టమొదటి రోగికి చికిత్స జరిగింది మన ఒంటారియోలోని లండన్ ఊళ్ళోనే, 1951 అక్టోబరు 27న. కొద్దిరోజుల తేడాతో సస్కటూన్‌లో హెరాల్డ్ జాన్స్ బృందం కూడా మొదలుపెట్టింది. తరవాతి రోజుల్లో అదే లండన్‌లో డాక్టరేటు చేసిన డేవిడ్ జాఫ్రే, మిషిగన్‌లో సహచరులతో కలిసి, రేడియేషన్ యంత్రానికే ఎక్స్‌రే గొట్టాన్నీ, దానికెదురుగా పలకలాంటి డిటెక్టరునూ తగిలించే పద్ధతిని రూపొందించారు. 2002లో టొరాంటో ప్రిన్సెస్ మార్గరెట్ ఆస్పత్రికి వచ్చారు. దీన్ని కోన్‌బీమ్ సీటీ అంటారు.

రోగి బల్లమీద పడుకున్నాక యంత్రం ఒక నిమిషంపాటు చుట్టూ తిరిగి వందల ఎక్స్‌రేలు తీస్తుంది. కంప్యూటరు వాటిని కలిపి ఛాతీ లోపలి బొమ్మ కడుతుంది. అది గురి కోసం. గడ్డ నిన్న ఉన్నచోటే ఉందా, బల్ల రెండు మిల్లీమీటర్లు జరపాలా అని చూసి, సరిచేసి, చికిత్స చేస్తారు. ఊపిరితిత్తుల కేన్సరుకు ఆరు వారాల్లో ముప్ఫై సిట్టింగులంటే, రోజూ తీసేచోట ముప్ఫై బొమ్మలు!

ఆ బొమ్మలో గడ్డ ఒక్కటే ఉండదు గదా. చుట్టూ ఊపిరితిత్తి కూడా ఉంటుంది. కానీ మామూలు సీటీ లాగా దీన్ని రేడియాలజిస్టు చదివి రిపోర్టు రాయడం సాధారణంగా ఉండదు. ఈ హాల్లో సగంమంది సాఫ్ట్‌వేరు వాళ్ళే, మీకు సర్వరు లాగ్ ఫైళ్ళు తెలుసు. అన్నీ అందులో ఉంటాయి, సర్వరు పడిపోయేదాకా ఎవరూ చూడరు.

మా బాబాయిగారి విషయంలో అదృష్టవశాత్తూ చూశారు. నాలుగో వారంలో ఆయనకు దగ్గు. "చిన్న దగ్గేరా, చెబితే కరెంటు ఆపేస్తారు" అని మా ఎవరికీ చెప్పలేదు. (రేడియేషన్‌ను ఆయన కరెంటనే అనేవారు.) ఒకరోజు రేడియేషన్ థెరపిస్టు గురి సరిచూస్తూ, గడ్డకు దూరంగా, ఊపిరితిత్తి అడుగున నిన్నలేని తెల్లమబ్బు గమనించి డాక్టరును పిలిచింది. నిమ్ము. జ్వరమే లేదు. కీమో కూడా తీసుకునేవాళ్ళకు తెల్లకణాలు తగ్గి, ఒక్కోసారి జ్వరం రాకుండానే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రేడియేషన్ వల్ల కూడా ఊపిరితిత్తి వాచి తెల్లగా కనిపిస్తుంది. అయితే అది సాధారణంగా చికిత్స ముగిసిన కొన్ని వారాలకో నెలలకో, కిరణాలు పడిన మేరకు వస్తుంది. ఇన్‌ఫెక్షన్‌కు ఆ హద్దు లేదు, ఎప్పుడైనా ఎక్కడైనా రావచ్చు. ఒకదానికి స్టెరాయిడ్లు, ఇంకొకదానికి యాంటీబయోటిక్కులు. తారుమారైతే ప్రమాదం. బొమ్మ అనుమానం మాత్రమే పుట్టిస్తుంది, తేల్చేది పరీక్షలే.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ విషయానికి ఒక్కసారిగా విలువ పెరిగింది. రేడియేషన్‌కు వచ్చినవారి బొమ్మల్లో కోవిడ్ జాడలు కనిపించిన సందర్భాలను వైద్యులు పత్రికల్లో ప్రచురించారు. అంతకుముందే, 2014లో, ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 177 మంది ఊపిరితిత్తుల రోగుల బొమ్మలు పరిశీలిస్తే, సుమారు 72 శాతం మందికి చికిత్స మధ్యలో ఛాతీలో ఏదో ఒక మార్పు కనిపించింది. అన్నీ ఇన్‌ఫెక్షన్లు కావు. గడ్డ తగ్గడం, నీరు చేరడం కూడా ఉన్నాయి. వాళ్ళు ట్రాఫిక్ లైట్ల లాగా రంగులు పెట్టుకున్నారు: ఎరుపంటే, చికిత్స చేసేముందే డాక్టరును పిలవాలి.

మరి ఈ పని కంప్యూటరు చెయ్యలేదా అంటారు. నిన్నటి బొమ్మలోంచి ఇవాళ్టిది తీసేస్తే సరిపోదా? అంత తేలిక కాదు. ఆ నిమిషంలో రోగి పదిహేనుసార్లు ఊపిరి తీస్తాడు, బొమ్మ అలుక్కుపోతుంది. చెల్లాచెదురైన ఎక్స్‌రేల వల్ల నలుపు తెలుపుల కొలత రోజుకో రకంగా ఉంటుంది. రోజుకు ఇరవై దొంగ హెచ్చరికలిచ్చే ప్రోగ్రామును మూడోరోజు ఎవరూ పట్టించుకోరు. నా మటుకు నేను, గురి చూసే మనిషికి ఇంకో అరనిమిషం ఇవ్వడమే ముందు చెయ్యవలసిన పని అంటాను.

మీ పెద్దవాళ్ళను ఈ చికిత్సకు తీసుకెళ్తుంటే, బల్ల ఎక్కకముందే దగ్గు, ఆయాసం సంగతి థెరపిస్టుకు మీరే ఇంగ్లీషులో చెప్పండి. చిన్నప్పుడు క్షయ వచ్చి తగ్గి ఉంటే అదీ చెప్పండి. పాత మచ్చ ఏదో తెలిస్తేనే కొత్త మబ్బు ఏదో వాళ్ళు పోల్చుకోగలరు.