పిల్లల పలువరుస
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



దంతవైద్యులమగు మేము ఒక గ్రామ పాఠశాలలో పిల్లల పండ్లు పరీక్షించుచుండగా, పదునాలుగేండ్ల బాలిక యొకతె నోటికి చేయి అడ్డము పెట్టుకొని మా యెదుట నిలిచెను. చేయి తీయించి చూచితిమి. పై కోరపన్ను వరుసలో చోటు చాలక, చిగురు మీదుగా బయటికి పొడుచుకొని వచ్చియున్నది. “దాని నుదుట అట్లు వ్రాసియున్నదండీ” అని తల్లి వాపోయెను.

అది నుదుటి వ్రాత కాదు. ఆరేడేండ్ల వయసులో ఆ పిల్లకు పాల దవడపన్ను పుచ్చగా పీకించిరి. ఊడిపోవు పన్నే గదా యని అంతటితో మరచిరి. చిక్కు అచ్చటనే మొదలైనది.

పాలపండ్లు 20. ఆరవ యేట మొదలుకొని పన్నెండు, పదమూడేండ్ల వరకు ఇవి ఒక్కొక్కటిగా ఊడి, వాని తావున స్థిరదంతములు వచ్చును. పాలపన్ను తన పిమ్మట రాబోవు పన్నుకు చోటు కాచియుంచును. అది ముందుగా పోయినచో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి ఒరుగును. సాగులేని చేనిలోనికి ప్రక్కవారు గట్టు జరుపుట మీరెరుగనిది కాదు; నోటిలోను జరుగునది అదియే. పై కోరపన్ను కడపట వచ్చునది గనుక చోటు చాలనప్పుడు ఎక్కువగా చిక్కుపడునది అదియే.

ఆరవ యేట పాలపండ్ల వెనుక మొలచు పెద్ద దవడపన్నును పలువురు పాలపన్నని భ్రమింతురు. అది స్థిరదంతము, పోయినచో మరల రాదు.

పండ్లు వంకరపోవుటకు వేరు కారణములును కలవు. దవడ చిన్నదై పండ్లు పెద్దవగుట వంశమునుండి రావచ్చును. నాలుగైదేండ్లు దాటినను బొటనవ్రేలు చీకు అలవాటు మానని పిల్లలకు ఎత్తుపండ్లు రావచ్చును. ఇది అందమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ఒకదానిపై ఒకటి ఎక్కిన పండ్ల సందులు శుభ్రపడక పుచ్చును, చిగుళ్లు చెడును. ఎత్తుపండ్లు గల పిల్లలు క్రిందపడినచో ముందు పండ్లు విరుగుట ఎక్కువ.

వంకర పండ్లను సరిచేయవచ్చును. పండ్లకు క్లిప్పులు అతికించి, వానిలో సన్నని తీగ అమర్తురు. తీగ మెల్లగా నెట్టుచుండగా పన్నుకు ముందువైపు ఎముక కరుగును. వెనుకవైపు క్రొత్త ఎముక పెరుగును. పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు జరుగును. కనుకనే చికిత్సకు సాధారణముగా ఏడాదిన్నర నుండి రెండేండ్లు పట్టును. పిమ్మట పండ్లు తిరిగి పూర్వపు తావునకు పోకుండ, నిలిపియుంచు సాధనమును వైద్యుడు చెప్పినంత కాలము ధరింపవలెను. చిగుళ్లు, ఎముక బాగుగా ఉన్న పెద్దలకును ఈ చికిత్స చేయవచ్చును.

ఇక మీ వంతు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో ప్రారంభమైనది. ఆ వైద్యబృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించును. పుచ్చుపండ్లను గుర్తించుటయు వాని పనులలో ఒకటి. బృందము వచ్చు దినమును ముందుగా తల్లిదండ్రులకు తెలియజేసి, పిల్లలందరును హాజరగునట్లు చూడుడు. ఏడేండ్లు నిండునప్పటికి ప్రతి బిడ్డను ఒకసారి దంతవైద్యునికి చూపించుమని చెప్పుడు. పుచ్చిన పాలపన్నును వీలైనంతవరకు పూడ్పించి నిలుపుకొనవలెను. పీకక తప్పనిచో, చోటు నిలుపు తీగ అవసరమా యని వైద్యుని అడుగవలెను. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు.

ఆ బాలిక పలువరుసయు చక్కబడును. కాని కూలి మానుకొని తల్లి, బడి మానుకొని బిడ్డ రెండేండ్లపాటు నెలనెలా పట్నమునకు పోవలెను. ఆనాడు చోటు నిలుపు చిన్న తీగ వేయించియున్నచో, ఈ శ్రమ చాలవరకు తప్పియుండెడిది. మీ యూరిలో ఆరేడేండ్ల పిల్లలు ఎందరున్నారో మీకు తెలియును. ఇంటికి పోగానే వారి నోళ్లు తెరిపించి చూడుడని మా మనవి.