పొమ్మన్న పిల్ల మాట ఎవరు విన్నారు?
(మాస్టారి స్మారకోపన్యాసం, జూలూరుపాడు)

మాస్టారి పేరిట మాట్లాడమని జూలూరుపాడు మిత్రులు అడగ్గానే ఒప్పుకున్నాను. ఆయన పాఠం గురించీ మంచితనం గురించీ ఇక్కడున్న ఎవరైనా నాకంటే బాగా చెబుతారు. నాకు మాత్రం ఆయనతో ఒక తగాదా మిగిలిపోయింది. 2002లో ‘జయం’ చూసి బయటికొస్తూ, “అమ్మాయ్, ఆ పిల్ల ఇష్టంగానే పొమ్మంటోంది, నీకెందుకే కోపం?” అన్నారు. ఆయన పోయేదాకా ఆ వాదం తెగలేదు. ఈ రోజు నా వైపు వాదన పూర్తిగా చెప్పడమే నేనాయనకు ఇచ్చే గౌరవం.

సినిమాలో చూసే కన్ను మగవాడిదని సినీ విమర్శకురాలు లారా మల్వీ 1975లోనే రాశారు. 2000లో తేజ ‘చిత్రం’తో మొదలైన చదువుకునే పిల్లల ప్రేమకథలు ‘నువ్వు నేను’, ‘కొత్త బంగారు లోకం’ దాకా ఎలా నడిచాయో మీకు తెలుసు. ఆ చరిత్ర వదిలేస్తున్నాను. సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారన్న గోల అంతకన్నా ముందే వదిలేశాను.

నా పేచీ ‘జయం’లో కథానాయిక సుజాత దగ్గర. ఆ పాత్రలో సదా చెయ్యి ఊపుతూ, ప్రేమించిన వెంకట్‌ని వెళ్ళమనే తీరు ఊరూరా పాకింది. బస్టాండులో అబ్బాయిలు అదే చెయ్యి ఊపుతూ ఆడపిల్లల వెంటపడ్డారు. సుజాతకు వెంకట్ అంటే ఇష్టమే, కాబట్టి అది తిరస్కారం కాదని మాస్టారు అనేవారు. ఆ మాట వరకూ ఒప్పుకుంటాను. కానీ అదే సినిమాలో సుజాత నిజంగా వద్దన్న మనిషి ఒకడున్నాడు: చిన్ననాడే పెద్దలు ఖాయం చేసిన రఘు. ఆ వద్దు ఎవరికి వినబడింది? వెంకట్ వచ్చి కొట్లాడితే తప్ప దానికి విలువ రాలేదు. ముద్దుగా పొమ్మంటే ఊరంతా మురిసిపోయింది. ఏడుస్తూ వద్దంటే ఇద్దరు మగవాళ్ళ కొట్లాటతో తేలింది.

“పల్లెల్లో జరిగేదే దర్శకుడు చూపించాడు” అని మరికొందరు వాదిస్తారు. జరిగేది చూపించవచ్చు. కెమెరా ఎవరి పక్కన నిలబడిందన్నది వేరే సంగతి. 1982లో అమెరికాలో దర్శకురాలు ఎమీ హెకర్లింగ్ ‘ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై’ తీశారు. అందులో స్టేసీకి గర్భం వస్తుంది. క్లినిక్‌కి తీసుకెళ్తానన్న కుర్రాడు మొహం చాటేస్తాడు. కథ ఆ పిల్లను వదలదు, శిక్షించదు కూడా. రాసింది మగవాడే, కామెరాన్ క్రో. అందుకే సినిమా తీసేది ఆడదైతే చాలు అనను, మగవాడికి చేతకాదనీ అనను.

2025లో వచ్చిన ‘కోర్ట్’ నాకు నచ్చిన సినిమా, కానీ అక్కడా నా తగాదా అదే. అమ్మాయి జాబిల్లికి 17, అబ్బాయికి 19. ఇంటి పరువు పేరుతో, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కుర్రాడి మీద కేసు పెడతారు. 2012 నాటి ఆ చట్టం ప్రకారం 18 నిండని పిల్ల ఇష్టానికి లెక్క లేదు కాబట్టి సినిమా మాత్రం ఏం చేస్తుందని అడిగేవాళ్ళున్నారు. చట్టం లెక్కపెట్టని మాటను లెక్కపెట్టడానికే కదా కథలున్నది! మనం రెండున్నర గంటలు కూర్చుని కోరుకున్నది కుర్రాడు జైలు నుంచి బయటపడాలనే. జాబిల్లి ఏం చదవాలనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే ఈ మధ్య హాస్టళ్ళలో పిల్లలకు ‘జయం’ కథ చెప్పి, సుజాతే చెబుతున్నట్టు రాయమంటున్నాను. తండా నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి, ఇల్లు విడిచే ముందు సుజాత సంచిలో ఏమేం సర్దుకుందో రాసింది: రెండు జతల బట్టలు, టెన్త్ మెమో, కుల ధ్రువపత్రం. వెంకట్ రెండో పేజీ చివర్లో గానీ రాడు. అబ్బాయిలు ఎక్కువమంది నేరుగా కొట్లాట దగ్గరే మొదలుపెట్టారు. ఈ రాతలన్నీ పుస్తకంగా తేవాలని నా పట్టుదల. జూలూరుపాడు, ఏన్కూరు, కారేపల్లి మండలాల టీచర్లు ఇక్కడ ఉన్నారు. మీ పిల్లల చేతా రాయించి పంపండి. అక్షరదోషాలు దిద్దకండి. అబ్బాయిల కాగితాలు కూడా కావాలి, కొట్లాటలతో సహా.