రోట్లో ఉప్పు, గోడలో రాగి

రోట్లో కల్లుప్పు వేసి బండతో ఒక్క దెబ్బ కొట్టండి, పొడైపోతుంది. అదే దెబ్బ రాగి తీగకు తగిలితే చదునవుతుందే తప్ప విరగదు. కిటుకంతా పరమాణువుల పట్టులో ఉంది.

ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్ ఒకదాన్ని క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. దాంతో ఒకదానికి ధనావేశం, మరోదానికి రుణావేశం. చదరంగం గళ్లలా ఒకటి విడిచి ఒకటి పేర్చుకుంటాయి. ఇదేమీ బలహీనమైన పట్టు కాదు. నీళ్లలో కరగడం వేరే కథ గానీ, వేడికి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అయితే దెబ్బకు ఒక వరుస ఒక్క గడి జరిగిందా, ధనానికి ఎదురుగా ధనమే వచ్చి నిలుస్తుంది. రెండూ తోసుకుంటాయి, గడ్డ పగులుతుంది.

రాగిలో బయటి ఎలక్ట్రాన్లు ఊరుమ్మడి సొత్తు. వరుసలు జరిగినా పట్టు వదలదు. మీ ఇంటి గోడలోని తీగలో కరెంటు పారేదీ ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్ల వల్లే.