కానరాని వాయువునకు కొలత
(దొనకొండలో మేము చేసిన యుపన్యాసము)



వానకొఱకు ఆకాశమువంక చూచుట ఈ సీమవారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో వాన తప్పినచో చెఱువెండును, బోరెండును. మిగిలిన నీటిలో ఫ్లోరైడు బాధ యుండనే యున్నది. అట్టి మీ యెదుట ఆకాశమునందలి యొక కానరాని వాయువును గూర్చి ప్రసంగించుట అప్రస్తుతము కాజాలదు.

ఆ వాయువు మీథేను. చెఱువు బురదను కఱ్ఱతో కలచినపుడు పైకివచ్చు బుడగలలో నున్నదదియే. ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా 1776లో దానిని సరస్సు బురదనుండియే పట్టెను. భూగర్భమునుండి తీయు సహజవాయువులో అత్యధికభాగ మదియే. మన వంటయింటి సిలిండరులోనిది వేఱు. అది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. మీథేను మండినచో బొగ్గుపులుసు వాయువగును. మండక గాలిలో కలిసినచో మఱింత కీడు. బరువునకు బరువు సరిచూడగా, 20 సంవత్సరముల కాలములో అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 80 రెట్లు అధికముగా భూమిని వేడిచేయును. అయితే సుమారు 12 ఏండ్లలో అది నశించును. కావున నేడు కారుట నాపినచో ఫలము మన జీవితకాలముననే కాననగును.

రంగు లేదు, వాసన లేదు, కొలుచుటెట్లు? ఇందుకే అమెరికాలో స్టీఫెన్ కాన్లీ యను శాస్త్రజ్ఞుడు చిన్న విమానమును సాధనముగా గైకొనెను. విమానము నడపువాడును, లెక్క కట్టువాడును ఆయనయే. ఆయన పద్ధతి మన కోమటి లెక్కవంటిది. గిడ్డంగిలోనికి వచ్చిన బస్తాలెన్ని, వెడలిన బస్తాలెన్ని? బావిచుట్టు వేర్వేఱు ఎత్తులలో తిరిగి, గాలివేగమును వాయువు పాలును కొలిచి, లోనికి వచ్చినదానిని వెలుపలికి పోయినదానినుండి తీసివేసినచో నడుమ కారినదెంతయో తేలును.

2015 అక్టోబరు 23న కాలిఫోర్నియాలోని అలీసో కాన్యన్ వాయునిల్వలో ఒక బావి పగిలెను. వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. నవంబరులో కాన్లీ విమానముపై వెళ్లి ఆ గాలిని చీల్చుకొని పోయి కొలిచెను. ఒక్కొక్కప్పుడు గంటకు 60 టన్నులవఱకు కారుచున్నట్లు తేలెను. 2016 ఫిబ్రవరిలో బావి మూయబడునాటికి పోయిన మీథేను సుమారు 97,000 టన్నులు! ఆ కొలతయే లేకున్న, ఎంత పోయెనన్న ప్రశ్నకు ఊహయే సమాధానమై యుండెడిది.

ఇది యొక బావి కథ మాత్రమే కాదు. 2018లో పలువురు శాస్త్రజ్ఞులు కలిసి అమెరికా చమురు, సహజవాయు పరిశ్రమ నంతటిని పరిశీలించి, అక్కడి ప్రభుత్వపు లెక్కకంటె సుమారు 60 శాతము అధికముగా మీథేను పోవుచున్నదని ప్రకటించిరి. కాగితముపై కట్టిన లెక్క వేఱు, గాలిలో తూచిన లెక్క వేఱు.

మన యాంధ్రమునకు ఈ పాఠము దూరమైనది కాదు. కోనసీమలో పాశర్లపూడి బావి 1995 జనవరి 8న బ్రద్దలై 65 దినములు మండెను. 2014 జూను 27న నగరము గ్రామమున వాయుగొట్టము పేలి ఇరువదిమందికి పైబడి ప్రాణములు కోల్పోయిరి. మంటను లోకమెల్ల చూచును. మండక నిశ్శబ్దముగా కారుదానిని చూచువాడెవడు?

ఇందు మఱియొక ధర్మసూక్ష్మము గలదు. మన దేశపు మీథేనులో హెచ్చుభాగము పశువులనుండియు వరిమళ్లనుండియు వచ్చునది. 2021లో గ్లాస్గోలో పలుదేశములు 2030 నాటికి మీథేనును 30 శాతము తగ్గింతుమని ప్రతిజ్ఞ చేయగా భారతదేశ మందు చేరలేదు. రెండు గేదెల పాలమ్ముకొని బ్రదుకు రైతునకు, ఆ పాడి జీవనాధారము. కంపెనీ గొట్టమునుండి కారునది యెవరికిని జీవనాధారము కాదు; అది ధనమును గాలిపాలు చేయుటయే. ఈ రెంటిని ఒక్క త్రాసున వేయుట అన్యాయము. కాని వేఱుగా తూచినప్పుడే గదా ఈ భేదమును లోకమునకు చూపగలము!

కనుక మేము కోరునది స్పష్టము. ప్రతి బావిని, ప్రతి గొట్టమును కంపెనీకి సంబంధములేని నిపుణులు కొలువవలెను. ఆ యంకెలు ప్రజలకు తెలియవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ దొనకొండలో ఇంగ్లీషువారు తమ యవసరమునకు విమానాశ్రయము కట్టుకొనిరి. మన యాకాశమును మన యవసరమునకై మనమే కొలుచుకొనుట స్వతంత్రజాతికి తగిన పని. మన లెక్క మనము వ్రాయకున్న పరులు వ్రాయుదురు. అప్పుడు పద్దు తప్పినను అప్పు మనదే యగును.