ఫోను షిఫ్టుకు పోతే పాఠం ఎవరు చూపాలి?



2020 మార్చిలో బడులు మూతపడి చదువంతా ఫోనులోకి పోయింది. షోలాపూర్‌లో మన ఇండ్లలో చాలావాటికి ఉన్నది ఒక్కటే ఫోను. అది మనతోపాటే పవర్‌లూమ్ కార్ఖానాకు పోతుంది. బడులు తెరిచి ఏండ్లు గడిచినా ఆ సంగతి మారలేదు.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ముద్ర ఉంటుంది. దాన్ని ఫోనుకు చూపితే, కేంద్రం 2017లో ప్రారంభించిన ‘దీక్ష’లో పాఠం తెరుచుకుంటుంది. (చూపడానికి ఫోనుండాలి, అదే కదా మన బాధ!) అందులో ఆంధ్ర, తెలంగాణ తెలుగు పాఠాలూ ఉన్నాయి. సిలబస్ వేరైనా లెక్కలు లెక్కలే, తెలుగు మీడియం పిల్లలకు పనికొస్తాయి. ఒకసారి దించుకుంటే చాలావరకు నెట్ లేకున్నా చూడవచ్చు.

కనుక మనం రీచార్జి డబ్బులు అడగడం లేదు. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ గదిలో పాఠాలు దించిన నాలుగు ట్యాబ్‌లు పెట్టి, బడి విడిచాక రెండు గంటలు తెరిచి ఉంచమంటున్నాం. బీరువాలో పెట్టి తాళం వేసే ట్యాబ్‌లు మనకొద్దు.

సర్కారు బడి కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలుండాలి. అదీ చట్టమే. బీడీలు చుట్టే అక్కలారా, వచ్చే కమిటీ మీటింగులో ఈ కోరిక మీరే రాయించి, తీర్మానం నకలు యూనియన్ ఆఫీసుకు తెచ్చివ్వండి.